ఎనభై దాటినా ఆలస్యం చేయకండి
తుంటి విరిగిన పెద్దవాళ్లకు వీలైనంతవరకు 48 గంటల్లోపే ఆపరేషన్ చేయించాలని వ్యాసంలో రాసిన మాట అక్షరాలా నిజం. మా అమ్మకు 82 ఏళ్లప్పుడు మల్కాజిగిరిలో మా ఇంట్లోనే బాత్రూమ్ గడప దగ్గర జారిపడింది. ఈ వయసులో కోత ఎందుకు, కట్టు కట్టించి మంచం మీద ఉంచితే అదే అతుక్కుంటుందని చుట్టాలంతా అన్నారు. మేమూ టెన్షన్‌లో నాలుగు రోజులు తేల్చుకోలేకపోయాం. ఆ నాలుగు రోజుల్లోనే నడుము కింద పుండు మొదలైంది, ఛాతీలో కఫం చేరింది. తొడ ఎముక పైభాగంలో మెడలా సన్నగా ఉండే చోట విరిగితే, దాని పైన తుంటి కీలులో ఉండే బంతిలాంటి భాగానికి రక్తం అందడం ఆగిపోవచ్చని, అందుకే పెద్దవాళ్లలో అది అతకడం కష్టమని, బంతి తీసేసి కొత్తది పెడతారని డాక్టరు కాగితం మీద బొమ్మ గీసి చెప్పేదాకా మాకు తెలియదు. ఆపరేషన్ అయిన మర్నాడే వాకర్ పట్టించి నిలబెట్టారు. కుట్లు త్వరగానే మానాయి, ఆ పుండుతోనే నెలల తరబడి బాధపడింది పాపం. వ్యాసంలో లేనిది ఒకటి చెప్పాలి. రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే ఆ సంగతి క్యాజువాలిటీలో అడుగుపెట్టగానే చెప్పండి. మేం ఆపరేషన్‌కు ఒప్పుకున్నాక గానీ ఆ మాట ఎత్తలేదు, దానివల్ల ఇంకో రోజు పోయింది.