మహారాజశ్రీ వైఫై పుల్ల గారికి

మహారాజశ్రీ మా ఇన్వర్టర్ కింద వేలాడుచు, మేడ మీది సోలార్ పలకల కరెంటు లెక్కలను నా ఫోనుకు చేరవేయుచున్న వైఫై పుల్ల గారి దివ్య సముఖమునకు,

నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఇక్కడ మేమందరం క్షేమం. తమరు క్షేమమో కాదో తెలుసుకోవడానికే నిన్న ఆదివారం పదకొండున్నర నుంచి నాలుగింటి దాకా మేడ మీద మెట్లగది గుమ్మంలో, బోర్లించిన బకెట్టు మీద కూర్చున్నాను. రాజమండ్రిలో రోహిణి కార్తె. రోళ్లు పగిలాయో లేదో చూడలేదు గానీ, నా ఫోను మాత్రం వేడెక్కిపోయానని రెండుసార్లు కళ్లు మూసింది. నా మెడ వెనక తోలు, పక్కనే పాత చీర మీద అమ్మ ఎండబెట్టిన మాగాయ ముక్కల రంగుకి వచ్చేసింది.

పొద్దు వాలాక చల్లగా చూసుకోవచ్చు కదా అంటారు తెలియనివాళ్లు. తమరికి పొద్దు వాలితే ప్రాణం ఉండదు కదండీ. సూర్యుడు దిగగానే ఇన్వర్టర్ నిద్రపోతుంది, దాని రక్తం తాగి బతికే తమరూ పోతారు. పగలంతా నేను ఆఫీసులో ఉంటాను, రాత్రంతా తమరు ఉండరు. మన ఇద్దరికీ కుదిరే ముహూర్తం ఆదివారం మిట్టమధ్యాహ్నం ఒక్కటే.

ఇంత అర్జెంటుగా దర్శనానికి ఎందుకు వచ్చానంటే, గురువారం కరెంటు బిల్లు 1,380 రూపాయలు వచ్చింది. పలకలు బిగించినప్పటి నుంచి 200 దాటని బిల్లు. బిగించిన కంపెనీకి ఫోన్ చేశాను. మీ కాల్ మాకు ఎంతో ముఖ్యం అన్న పాట పదకొండు నిమిషాలు విన్నాక ఒకబ్బాయి ఎత్తాడు. "సార్, మీ ప్లాంట్ మాకు ఆఫ్‌లైన్ చూపిస్తోంది. ముందు వైఫై కనెక్ట్ చేస్కోండి, అప్పుడు కంప్లైంట్ రైజ్ చేస్తాం." అంటే రోగి నోరు తెరిచి ఫలానా చోట నొప్పి అని చెప్తేనే డాక్టరు గది తలుపు తీస్తాడన్నమాట. అమ్మేటప్పుడు ఇదే కంపెనీ మనిషి మా సోఫాలో కూర్చుని, మా ఆవిడ ఇచ్చిన పకోడీలు తింటూ ఏమన్నాడు? "అంతా మేం అక్కణ్నించే చూసుకుంటామండీ, మీరు మేడ ఎక్కక్కర్లేదు." సూర్యఘర్ పథకం కింద కేంద్రం ఇచ్చే 78,000 సబ్సిడీ గురించి కూడా ఆయనే చెప్పాడు. అది పడింది. ఆయన మాటల్లో నిలబడింది అదొక్కటే, అదీ ఆయన చేతిలోది కాదు కాబట్టి.

సరే, దర్శన విధానానికి వద్దాం.

ముందు తమరి పొట్ట మీద ఉన్న క్యూఆర్ స్టిక్కర్ స్కాన్ చేయాలి. ఆ స్టిక్కర్ గోడవైపు తిరిగి ఉంటుంది. ఎప్పుడూ గోడవైపే. బిగించినవాడికి అదేదో నియమంలా ఉంది. గోడకీ తమరికీ మధ్య రెండు వేళ్ల సందులో ఫోను దూర్చి, ఫొటో తీసి, ఆ ఫొటోని పెద్దది చేసి, అందులో ఉన్నది ఎనిమిదో లేక మూడో తేల్చుకోవాలి. ఆ తరవాత తమరి సొంత వైఫైకి ఫోను కలపాలి. కలిపిన ఆరో సెకనులో ఫోను "దీంట్లో ఇంటర్నెట్ లేదు" అని దూకేసి మొబైల్ డేటాకి వెళ్లిపోతుంది. దాంట్లో ఇంటర్నెట్ లేదని నాకూ తెలుసు, ఇంటర్నెట్ ఇప్పించడానికే కదా ఈ తపస్సు! మొబైల్ డేటా ఆపాలి. ఆపితే లొకేషన్ పెట్టమంటుంది. నేను మా మేడ మీద ఉన్నానని నీకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది తల్లీ అనుకుంటూ అదీ పెట్టాను. తమరి సెట్టింగుల పేజీ కోసం బ్రౌజర్లో 10.10.100.254 అని కొట్టాను. పేరు అడ్మిన్, పాస్‌వర్డూ అడ్మిన్. లోపలికి వెళ్లాను. మా ఇంటి వైఫై పేరు జాబితాలో లేదు. ఎదురింటివాళ్లది ఉంది, వీధి చివర మెడికల్ షాపుది ఉంది, నాలుగిళ్ల అవతల అద్దెకుంటున్న కుర్రాళ్లది ఉంది. మాది లేదు.

ఎందుకు లేదంటే, మూడు వారాల కిందట ఫైబర్ అబ్బాయి వచ్చి పాత రూటరు పీకేసి కొత్తది పెట్టాడు. "డ్యూయల్ బ్యాండ్ అన్నా, స్పీడు చింపేస్తది" అన్నాడు. అంటే వైఫైకి 2.4, 5 గిగాహెర్ట్జ్ అని రెండు దారులు. తమరికేమో 2.4 తప్ప పడదు. 5 అంటే తమరికి వినపడదు, కనపడదు. కొత్త రూటరేమో రెంటికీ ఒకే పేరు పెట్టుకుని, అంత దూరం నుంచి తమరికి సరిగ్గా అందకుండా కింద హాల్లో కులుకుతోంది. లక్షన్నర పైచిలుకు పోసి పెట్టించుకున్న వ్యవస్థలో, మా ఆరు పలకలూ పాతికేళ్లు పనిచేస్తాయని కాగితం రాసిచ్చారు. వాటి సంగతి లోకానికి చెప్పాల్సిన తమరు మాత్రం రూటరు మారితే మా ఇంటి పేరే మర్చిపోతారు.

మధ్యలో ఒక్కమాట. తమరి యాప్‌లో ఇప్పటిదాకా నేను 41 చెట్లు నాటినట్టు చూపిస్తున్నారు. మా పెరట్లో ఉన్నదొక్క కరివేపాకు చెట్టు, దానికీ తెగులు. మొదటి రెండు నెలలైతే తమరు పుట్టిల్లు చైనా టైమే చూపించారు, రాజమండ్రిలో రాత్రి తొమ్మిదింటి దాకా ఎండ కాసినట్టు గ్రాఫు. అయినా అప్పుడు ఏమీ అనలేదు. గ్రాఫు వస్తోంది కదా చాలు అనుకున్నాను.

ఆ గ్రాఫు గురించి చెప్పాలి. ఎందుకంటే నా ఏడుపంతా అక్కడే మొదలైంది. ఆఫీసులో కూర్చుని మధ్యాహ్నం పూట తెరిస్తే బోర్లించిన బాణలిలా నున్నగా ఉండేది. మబ్బు పడితే పళ్లూడిన దువ్వెనలా అయ్యేది. మా ఆవిడకి ఫోన్ చేసి "ఇప్పుడు రెండు కిలోవాట్లు వస్తోంది, గ్రైండర్ వేసేసుకో" అని చెప్పేవాణ్ణి. "మీరు ఆఫీసులో పని చేస్తున్నారా, మేడ మీదా?" అనేది. పెళ్లిళ్లలో భోజనాల దగ్గర పక్కవాడికి చూపించాను. మార్చిలో రోజుకి 13 యూనిట్లు వచ్చిందండీ, మేలో ఎండ మండుతున్నా 12 కి తగ్గింది, పలక వేడెక్కితే ఇవ్వడం తగ్గిస్తుందండీ అని సాంబారు చల్లారేదాకా వివరించాను. తమరు అలవాటు చేశారు నాకు అది. అలవాటు చేసి, ఆ తరవాత మొదలెట్టారు.

సంక్రాంతికి ఆఫ్‌లైన్. ఏమైంది, ఏమైందని పరిగెత్తుకుంటూ మేడెక్కితే ఇన్వర్టర్ హాయిగా పచ్చలైటుతో పనిచేస్తోంది, తమరికే సిగ్నల్ అందలేదు. శివరాత్రికి ఆఫ్‌లైన్. మళ్లీ ఎక్కాను. మళ్లీ పచ్చలైటే. వైఫై పాస్‌వర్డ్ మార్చి అందులో ఒక చిన్న గుర్తు పెడితే అది తమరికి గిట్టలేదు, ఆఫ్‌లైన్. ఉగాది మర్నాడు ఏ కారణమూ లేదు, ఊరికే ఆఫ్‌లైన్. మెట్ల మధ్యలో 1,200 పోసి సిగ్నల్ పెంచే డబ్బా కూడా పెట్టాను. ఎక్కిన ప్రతిసారీ పలకలు బాగానే ఉన్నాయి, మీటరు తిరుగుతూనే ఉంది, ఒక్క తమరే మూగనోము పట్టారు. నాన్నా పులి కథలో పిల్లాడు సరదాకి అరిచాడు. తమరికి ఆ సరదా కూడా లేదు. అన్నిసార్లు అలా అయ్యేసరికి నాలో ఒక జ్ఞానం స్థిరపడింది: ఆఫ్‌లైన్ అంటే వైఫై. వైఫై అంటే తరవాత చూద్దాం.

మూడు వారాల కిందట ఓ శనివారం రూటరు మారింది. తమరు ఆఫ్‌లైన్ అయ్యారు. తరవాత చూద్దాం అనుకున్నాను. మంగళవారం రాత్రి గాలివాన వచ్చింది, మెరుపులు, ఎదురింటి రేకు ఎగిరి మా గేటు మీద పడింది. బుధవారం పొద్దున అమ్మ మాగాయ ముక్కలు ఎండబెట్టడానికి మేడెక్కి వచ్చి, "ఒరే, ఆ డబ్బాలో పచ్చలైటు పోయి ఎర్రలైటు వెలుగుతోందిరా" అంది.

నేనేమన్నానో తెలుసా?

"అది వైఫై అమ్మా. నీకు తెలీదులే" అన్నాను.

గురువారం కూడా చెప్పింది. ఆ ఆదివారం మళ్లీ చెప్పింది. "ఎర్రగానే ఉందిరా." వైఫై అమ్మా. వైఫై. ఇరవై ఏళ్లుగా పాలవాడి లెక్కలో ఒక్క అరలీటరు తప్పు పోనివ్వని మనిషికి, ఎమ్మెస్సీ చదివిన నేను, మూడుసార్లు, వైఫై అని చెప్పాను.

ఇక నిన్నటికి వస్తే, మధ్యాహ్నం రెండు దాటింది. నేను బకెట్టు మీద కూర్చుని తమరి మూడు లైట్లకేసి చూస్తున్నాను. నెట్, కామ్, రెడీ. ఒకటి నిదానంగా ఆరి వెలిగితే క్షేమం, గబగబా ఆరి వెలిగితే తంటా, అసలు వెలగకపోతే ఖర్మ. గుండుసూదితో తమరి రీసెట్ బొక్కలో పొడిచి, పెదాలు కదుపుతూ పది లెక్కపెట్టుకుంటున్నాను. అమ్మ మజ్జిగ గ్లాసు పట్టుకుని పైకొచ్చింది. గ్లాసు నా చేతికిచ్చి, చీర మీద ముక్కలు ఓసారి తిరగేసి, వెళ్లబోతూ గోడకేసి చూసింది.

"ఆ చిన్న డబ్బాలో మీట కిందికుందేంట్రా? పక్కదాంట్లో పైకుందిగా?"

తమరికి జానెడు కింద, నా కుడి మోచేతికి తగిలేంత దగ్గర, ఇన్వర్టర్ కరెంటు ఇంటికీ వీధి లైనుకీ వెళ్లే దారిలో ఉండే ఏసీ డబ్బా. దాని అద్దం మూతలోంచి చూస్తే ఎంసీబీ మీట, తేడా వస్తే తనంతట తనే పడిపోయేది, కిందికి పడి ఉంది. గాలివాన రాత్రి పడింది. అప్పటినుంచి మా ఆరు పలకలూ రోజూ పొద్దున్నే లేచి, ఎవరికీ ఇవ్వలేని కరెంటుతో సాయంత్రం దాకా కూర్చుని, పడుకుంటున్నాయి. మొన్నటికి 18 రోజులు. రోజుకి 12 చొప్పున 216 యూనిట్లు. ఇన్వర్టర్ పాపం తన తెర మీద గ్రిడ్ లేదు, గ్రిడ్ లేదు, అంటే వీధి లైను అందట్లేదు అని రాసుకుంటూనే ఉంది. నేను మూడు గంటలుగా దాని ముందే కూర్చుని తలెత్తి దాని మొహం చూడలేదు. తమరినే చూస్తున్నాను.

మీట ఎత్తాను. ఇన్వర్టర్ తెర మీద అంకెలు వెనక్కి నడిచి నడిచి, టిక్కుమని రిలే కొట్టుకుని, పచ్చలైటు వచ్చింది. అమ్మ ఏమీ అనలేదు. "మజ్జిగ తాగు, వేడెక్కిపోద్ది" అంది, అంతే. ఏదైనా అని ఉంటే బాగుండేది.

అక్కడితో ఆపేసి దిగిపోవాల్సింది. కానీ నాకు పంతం వచ్చింది. ఫైబర్ అబ్బాయిని బతిమాలి ఫోన్లోనే రెండు బ్యాండ్లూ విడగొట్టించాను. 2.4 దానికి పాత రూటరు పేరే, పాత పాస్‌వర్డే పెట్టమన్నాను, తమరూ, మెట్ల మధ్య సిగ్నల్ డబ్బా కొత్తగా ఏదీ నేర్చుకోనక్కర్లేకుండా. పాత పాస్‌వర్డ్ నాకు గుర్తులేదు. పోయినేడాది క్యాలెండర్ వెనక అమ్మ రాసిపెట్టింది, గ్యాస్ బుకింగ్ నంబరు కింద. అది కొట్టగానే తమరు పలికారు. తప్పిపోయిన పిల్లాడు ముద్దుపేరుకి పలికినట్టు.

సరిగ్గా నాలుగింటికి నా ఫోను గణగణలాడింది. ఒకటి కాదు, వరసగా తొమ్మిది కబుర్లు. "హెచ్చరిక: గ్రిడ్ లేదు." "హెచ్చరిక: గ్రిడ్ లేదు." దొంగలు పడ్డ ఆర్నెల్లకి కుక్కలు మొరిగినట్టు!

ఇంకెక్కడి తమరు, ఇంకెక్కడి దివ్య సముఖం. ఒరేయ్ పుల్లా, నీకున్నది ఒకే ఒక్క ఉద్యోగం. నువ్వు కరెంటు చెయ్యక్కర్లేదు, మొయ్యక్కర్లేదు. బాగుంటే బాగుందని, చెడితే చెడిందని చెప్పాలి, అంతే. బాగున్నన్నాళ్లూ మూడ్రోజులకోసారి నన్ను మేడెక్కించావు. నిజంగా చెడిన రోజున నోట్లో బెల్లం ముక్క పెట్టుకుని కూర్చున్నావు. పైగా "ఆఫ్‌లైన్" అనేది కూడా ఒక మాటేనా? నాకు ఊళ్లోకి దారి కనపడట్లేదు అని చెప్పు. పలకల సంగతి నాకు తెలీదు, వెళ్లి చూసుకో అని చెప్పు. ఆ ఒక్క బూడిదరంగు చుక్క పెట్టి, రెంటినీ ఒకే మాటలో కట్టేసి, అమ్మ ముందు నన్ను మూడుసార్లు వెధవని చేశావు.

నాలుగోసారి కాకుండా అమ్మే ఆపింది అనుకో.

ఈ ఉత్తరం రాస్తూ రాస్తూ నాలుగుసార్లు యాప్ తెరిచాను, దాచడమెందుకు. అయిదు నిమిషాల కిందటి లెక్క, 0.4 కిలోవాట్లు, బాణలి కుడివైపు వాలుతోంది. మొన్నటిదాకా పద్దెనిమిది రోజులు ఖాళీ, నిన్నటిది సగం, ఇవాళ్టిది నిండుగా. చూస్తుంటే బానే ఉంది. ఈ మాట నీకు చెప్పాలని లేదు.

అయిదున్నరైంది. అమ్మ కళ్లజోడు పెట్టుకుని మెట్లెక్కుతోంది. నిన్నటినుంచి ఇన్వర్టర్ నిద్రపోయే లోపు వెళ్లి, దాని తెర మీద అంకె చూసొచ్చి, గోడ క్యాలెండర్‌లో తేదీ పక్కన, పాల లెక్క కింద రాస్తోంది. నిన్నటి గడిలో "పాలు 1½, సోలారు 5.2" అని ఉంది. ఇవాళ్టి అంకె యాప్‌లో నా ముందే ఉంది, 11.6. చెప్తానన్నాను, ఎక్కొద్దన్నాను.

"ఉండరా, నేను చూసొస్తాను" అంది.

ఇట్లు,
తమరి ఇంటి యజమాని