నేను వచ్చాక గేటు వేసేయాల్సింది

ప్రభుత్వాలు పాత కోటల్ని కాపాడతాయి. ఎవరూ చదవలేని అక్షరాలున్న రాయి ఒకటి కనబడితే చాలు, దాని చుట్టూ కంచె వేసి, ముట్టుకుంటే జరిమానా అని బోర్డు పెడతాయి. నేను పెరిగిన శివారు కాలనీని మాత్రం ఎవడికి వాడు వచ్చి ఇష్టమొచ్చినట్టు మార్చేస్తుంటే గుడ్లప్పగించి చూస్తూ కూర్చున్నాయి. ఇక ఊరుకుని లాభం లేదు, బాల్యాన్ని కాపాడే చట్టం ఒకటి రావాలి. సెక్షన్లు ఎక్కువ అక్కర్లేదు, ఒక్కటి చాలు: నాకు పదేళ్లు నిండిన రోజున కాలనీ ఎలా ఉందో అలాగే ఉండిపోవాలి. అప్పటికి లేచిన గోడలు ఉండొచ్చు, లేవనివి ఇక లేవకూడదు. అప్పటికి కాపురం ఉన్నవాళ్లు స్థానికులు, మర్నాడు లారీలోంచి సామాను దింపుకున్నవాళ్లు ఆక్రమణదారులు.

పదేళ్లే ఎందుకని గిట్టనివాళ్లు అడుగుతారు. దానికి శాస్త్రం ఉంది. మధ్యవయసు దాటినవాళ్లని కూర్చోబెట్టి మీ జీవితంలో గుర్తున్న సంగతులు చెప్పండి అంటే, సుమారు 10 నుంచి 30 ఏళ్ల మధ్య జరిగినవే ఎక్కువగా చెబుతారని మనస్తత్వ శాస్త్రవేత్తలు మళ్లీ మళ్లీ తేల్చారు. దీన్ని రెమినిసెన్స్ బంప్ అంటారు. అంటే ఆ వయసులో ఏ వీధిలో ఉంటే లోకంలోకెల్లా అదే గొప్ప వీధి అయిపోతుంది, ఆ వీధికి నిజంగా అంత సీన్ ఉందా లేదా అన్నదానితో పని లేదు. మిగతా అందరి విషయంలో ఇది ఒప్పుకుంటాను. నా విషయంలో మాత్రం ఆ వీధి నిజంగానే గొప్పది, శాస్త్రవేత్తలు వచ్చి చూసి ఉంటే వాళ్లే రాసేవాళ్లు.

ఖాళీ ప్లాటు సంగతే తీసుకోండి. శివారులో పెరిగిన ఎవరిని కదిపినా ఒక ఖాళీ ప్లాటు గురించి గంటసేపు చెబుతారు. ఇప్పుడు దాన్ని మైదానం అంటున్నాం గానీ అప్పుడు అది వట్టి మూల ప్లాటు. సగం ముళ్లకంప, సగం చుట్టుపక్కల ఇళ్లు కట్టుకునేవాళ్లు తెచ్చిపోసిన విరిగిన ఇటుకలు. ఒక మూల ఎవరో పునాది కోసం తవ్వి వదిలేసిన గుంట ఉండేది, వానాకాలమంతా అందులో ఆకుపచ్చ నీళ్లు, వాటిలో బంతి పడితే దిగి తీసినవాడికి ఇంకో ఛాన్స్ ఇవ్వాలని రూలు. మధ్యలో తుప్పుపట్టిన ఇనప చువ్వ ఒకటి నేలలోంచి జానెడు పైకి లేచి ఉండేది. అదే మా వికెట్. దాని మీద పడి మోకాలు చీరుకున్నవాడికి టీటీ ఇంజెక్షన్ వేయించి, సాయంత్రానికల్లా మళ్లీ ఫీల్డింగ్‌లో నిలబెట్టాం. ఆ మనిషి ఇప్పుడు తన కొడుకుని మెత్తటి రబ్బరు పరిచిన ప్లే ఏరియాలో, చెయ్యి వదలకుండా ఆడిస్తూ, "మా రోజుల్లో పిల్లలకి ఎంత స్వేచ్ఛ ఉండేదిరా" అని నిట్టూరుస్తాడు. చువ్వ మాటెత్తితే ప్యాంటు పైకి లాగి మచ్చ చూపిస్తాడు. కాబట్టి ప్రతి వార్డుకీ ఒక తుప్పుపట్టిన చువ్వని ప్రభుత్వ ఖర్చుతో నాటించాలని కూడా చట్టంలో రాయాలి.

ఆ ప్లాటుకి ఒక యజమాని ఉండేవాడు. ఏడాదికోసారి వచ్చి, హద్దురాళ్లు ఉన్నాయో లేదో చూసుకుని, మమ్మల్ని నాలుగు తిట్టి వెళ్లేవాడు. పిల్లల కథల్లోని రాక్షసుడికి తక్కువేం కాదు. చివరికి అప్పో సప్పో చేసి తన స్థలంలో తను ఇల్లు కట్టుకున్నాడు. ఎంత దారుణం! ఆడుకునేవాళ్లని ఒక్క మాట అడగాలన్న జ్ఞానం లేదు.

పాతవాళ్లమంతా ఒక వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నాం. అందులో ఎవరో ఒక ఫోటో పెట్టారు: మట్టిరోడ్డు, ఒక సైకిలు, సగం చెట్టు. ఆ చెట్టు రోడ్డుకి ఏ పక్కన ఉండేదన్న దగ్గర గొడవ మొదలైంది. ఫోటోలో కుడిపక్క కనబడుతోంది కదా అంటే, ఫోటో తిరగేసి స్కాన్ చేశారని అవతలి వర్గం వాదన. జ్ఞాపకమంటే దాచిపెట్టింది తీసి చూడటం కాదు, చెప్పిన ప్రతిసారీ కొత్తగా అల్లుకోవడమే అని కేంబ్రిడ్జి మనస్తత్వవేత్త ఫ్రెడరిక్ బార్ట్‌లెట్ 1932లోనే ప్రయోగాలతో సహా చూపించాడని నేను పెద్దమనిషి తరహాలో ఒక మెసేజ్ పెట్టాను. ఎవరూ పట్టించుకోలేదు. ఓటింగ్ పెట్టి చెట్టుని ఎడమపక్కకి మార్చారు.

అసలు చిక్కు తేదీ దగ్గర వచ్చింది. నా పదేళ్ల తేదీ పెట్టండి అంటే మా అన్నయ్య ఒప్పుకోడు. వాడి లెక్కలో కాలనీ అంతకు నాలుగేళ్ల ముందే, రోడ్డు మీద తారు పోసిన రోజునే పాడైపోయింది. నాకేమో ఆ తారురోడ్డే ప్రాణం, సైకిల్ నేర్చుకుంది దాని మీదే. సరే, అందరికంటే ముందు ఇల్లు కట్టుకున్న పక్కింటి బాబాయిగారిని అడుగుదామని వెళ్తే ఆయన తడుముకోకుండా చెప్పేశారు: "మీ నాన్న మేడ మీద గది వేసిన రోజునే అంతా అయిపోయిందిరా. అంతకుముందు మా వరండాలో కూర్చుంటే చెరువు కనబడేది." ఆయన వరండా ఎవరి పొలంలో కట్టారో, ఆ పొలం దున్నినవాళ్లకి ఏం కనబడేదో అడగలేదు, పెద్దాయన్ని బాధపెట్టడం ఎందుకని.

ఈ జబ్బుని 1995లో చేపల శాస్త్రవేత్త డేనియల్ పాలీ పసిగట్టాడు. సముద్రంలో చేపలు తగ్గిపోతున్నా, తరం మారగానే కొత్తగా వచ్చిన శాస్త్రవేత్తలు తాము ఉద్యోగంలో చేరిన రోజున ఎన్ని చేపలుంటే అదే సహజమైన లెక్క అనుకుంటారని, తర్వాత తగ్గినవాటికే బాధపడతారని రాశాడు. ఆయన రాసింది చేపల గురించి కాబట్టి మాకు వర్తించదని గ్రూపులో ఏకగ్రీవంగా తీర్మానించాం.

అన్నట్టు గేటు వేసేయాలన్న ఆలోచన నా ఒక్కడిదే కాదు. పల్లె గాలి, పట్నం సౌకర్యం ఒక్కచోటే దొరికేలా తోట నగరాలు కట్టాలని 1898లో ఇంగ్లండులో ఎబెనెజర్ హోవార్డ్ ప్రతిపాదించాడు. 1903లో లెచ్‌వర్త్‌లో పని మొదలైంది కూడా. ఒక్కో నగరంలో 32,000 మంది చాలు, ఆపైన వచ్చేవాళ్లు కాస్త దూరంలో ఇంకో నగరం కట్టుకోవాలన్నది ఆయన లెక్క. చూశారా, 32,001వ మనిషిని గుమ్మం దగ్గరే ఆపేశాడు. గొప్పవాళ్ల ఆలోచనలు కలుస్తుంటాయి. తేడా ఒక్కటే, ఆయన అవతలివాళ్లకి ఇంకో ఊరు చూపించాడు, నాకు అంత ఓపిక లేదు.

అమెరికాలో ఇంకా పెద్ద ఎత్తున జరిగింది. న్యూయార్క్ పక్కన లాంగ్ ఐలండ్‌లో, అంతకుముందు బంగాళాదుంపలు పండిన పొలాల్లో, 1947లో లెవిట్‌టౌన్ మొదలైంది. యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికుల కుటుంబాలకని పని ముమ్మరంగా సాగిన రోజుల్లో రోజుకి 30 ఇళ్ల దాకా లేపారు, నాలుగైదేళ్లలో మొత్తం 17,000 దాటాయి. అన్నీ ఒకే అచ్చులో పోసినట్టు ఉన్నాయని, ఇదేం ఊరని విమర్శకులు ముక్కు విరిచారు. ఆ ఇళ్లలో పెరిగిన పిల్లలు పెద్దయ్యాక అవే ఇళ్లని తలుచుకుని కళ్లు తుడుచుకున్నారు. మొదట్లో అక్కడి అద్దె ఒప్పందాల్లో తెల్లవాళ్లు తప్ప ఇంకెవరూ ఉండకూడదన్న షరతు కూడా అచ్చేశారు. "అప్పట్లో వీధంతా ఒక్క కుటుంబంలా ఉండేవాళ్లం" అని ఎవరైనా మొదలుపెడితే, ఆ కుటుంబంలోకి రానివ్వనివాళ్ల లిస్టు ఎవరి దగ్గరుందని అడగాలనిపిస్తుంది. అడగను. గ్రూపులోంచి తీసేస్తారు.

వైద్యం ఏమైనా ఉందా అంటే, ఉండేది. పరాయి దేశంలో ఉన్నవాళ్లకి సొంతూరి మీద కలిగే బెంగ జబ్బేనని 1688లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో యోహానెస్ హోఫర్ అనే వైద్య విద్యార్థి ఏకంగా థీసిస్ రాశాడు. మందూ మాకూ పనిచేయకపోతే రోగిని ఇంటికి పంపేయడమే దారి అన్నాడు. స్విస్ కిరాయి సైనికులకి అది సరిపోయి ఉండొచ్చు. నన్ను ఎక్కడికని పంపుతారు? నేను కాలనీ వదిలి పెద్దగా ఎక్కడికీ వెళ్లలేదు. కాలనీయే నన్ను వదిలేసి వెళ్లిపోయింది. ఇంట్లో కూర్చుని ఇంటి మీద బెంగపెట్టుకున్నవాడికి మందేమిటో హోఫర్ రాయలేదు.

ఇక మా ఇంటి సంగతి. మీరు అడగకముందే చెబుతున్నాను, దాన్ని డెవలప్‌మెంట్‌కి ఇచ్చాం. అది వేరే విషయం. మిగతావాళ్లు బిల్డర్‌కి ఇస్తే దురాశ, మేం ఇస్తే పరిస్థితులు. పైకప్పు కారుతోంది, మెట్లు ఎక్కడం అమ్మకి కష్టంగా ఉంది, పైగా మంచి ఆఫర్ వచ్చింది. కూల్చే రోజున అందరం వెళ్లి గేటు ముందు నిలబడి ఫోటో దిగాం. గ్రూపులో పెడితే ఏడుపు బొమ్మలు వరసగా వచ్చిపడ్డాయి. వాటిని పెట్టినవాళ్లలో ఇద్దరు సాయంత్రం విడిగా ఫోన్ చేసి బిల్డర్ నంబర్ తీసుకున్నారు.

మా వాటా కింద రెండు ఫ్లాట్లు వచ్చాయి. వెనకవైపు బాల్కనీ బాగుంటుంది, గాలి ఆడుతుంది, కింద ఖాళీ స్థలం. ఆడేదనాలి. మొన్నటి నుంచి అక్కడ జేసీబీ తిరుగుతోంది. ఎన్ని అంతస్తులని వాచ్‌మన్‌ని అడిగితే మాకంటే ఒకటి ఎక్కువట. కట్టేవాళ్లు ఎవరో కొత్తగా వచ్చినవాళ్లు, ఈ ప్రాంతం గురించి ఏమీ తెలియదు. ఆ స్థలాన్ని చారిత్రక స్థలంగా ప్రకటించాలని అర్జీ రాస్తున్నాను. తరతరాలుగా పిల్లలు అక్కడ ఆడుకుంటున్నారని కూడా అందులో రాశాను. ఏ పిల్లలో కనుక్కుని పేర్లు జతచేయాలి.