క్లిప్పు పేరు తెరమీద కనబడితే ఇళ్లల్లో పెద్దరికం ఏం గాను?

భీమవరం నుంచి అమలాపురం దాకా వీడియో మిక్సింగ్ యూనిట్లలో ఈమధ్య ఒక దురలవాటు తలెత్తుతోంది. పెళ్లి వీడియో మొదటి కాపీ ఇంటికి పంపేటప్పుడు, ప్రతి షాటు మూలన ఆ క్లిప్పు పేరూ (కెమెరా ఆ ముక్కకి పెట్టిన 'సీ0412' లాంటి ఫైలు పేరు) పక్కన టైమ్‌కోడూ (గంట, నిమిషం, సెకను చూపే అంకెలు) వేసి మరీ పంపుతున్నారు. చూడ్డానికి చీమ తలకాయంత అక్షరాలే. కానీ వీసీఆర్ కాలం నుంచి డెల్టాలో నిలబడి ఉన్న 'కరెక్షన్లు చెప్పడం' అనే మహా వ్యవస్థకి ఇవి చెద పురుగులు. దీన్ని మొగ్గలోనే తుంచకపోతే రేపు మన ఇళ్లల్లో మాట్లాడుకోవడానికి ఏమీ మిగలదు.

ఆ వ్యవస్థ గొప్పతనం తెలియనివాళ్ల కోసం ఒక మాట. హాల్లో పెద్ద టీవీ. దాని ముందు పెదనాన్న, పెద్దమ్మ, ఇద్దరు ఆడపడుచులు, ఒక తోడల్లుడు. టీపాయ్ మీద ఆత్రేయపురం పూతరేకులు. ఓ పక్కన నోటుబుక్కు పట్టుకుని మిక్సింగ్ కుర్రాడు. "అదే తమ్ముడూ, మా బావగారు కండువా సర్దుకుంటారు చూడు, ఆ ముక్క తీసెయ్." ఏ బావగారు? పెళ్లికొచ్చిన బావగార్లందరికీ కండువాలున్నాయి, అందరూ సర్దుకున్నారు. "అబ్బ, ఆ బావగారు కాదయ్యా, మండపేట బావగారు." కుర్రాడు 'మండపేట, కండువా' అని రాసుకుని వెళ్లి, మూడు గంటల టైమ్‌లైన్ (కంప్యూటర్లో షాట్లు వరసగా పేర్చిన పట్టీ) మీద కండువాలు వెతికి, ఒకటి కోస్తాడు. కోసింది సర్పంచిగారిది. మళ్లీ హాలు, మళ్లీ టీవీ, మళ్లీ పూతరేకులు. మూడో విడత కరెక్షన్లు అయ్యేసరికి అమ్మాయికి సీమంతం వస్తుంది, ఆ వీడియో కూడా అదే యూనిట్‌కి వెళుతుంది. దీన్ని నష్టం అనేవాళ్లకి వ్యాపారం తెలియదు.

ఇప్పుడు ఏం జరుగుతోంది? పెద్దమ్మ ఫోన్లో చూసి, 'సీ0412 తీసెయ్ బాబూ' అని ఒక మెసేజ్ పెడుతుంది. అయిపోయింది. ఏ బావగారో ఎవరూ అడగరు. పూతరేకులు పెట్టె కూడా విప్పరు.

ఒట్టి టైమ్ వేసి పంపిస్తే ఇంత ప్రమాదం లేదు, అది మన సంప్రదాయానికి అనుకూలమైనదే. 'గంటా పన్నెండో నిమిషం దగ్గర తియ్యాలి' అని చీటీ రాస్తారు. కుర్రాడు ఆ చీటీని పైనుంచి కిందకి కోసుకుంటూ వస్తాడు. మొదట్లో ఇరవై సెకన్లు తీసేయగానే టైమ్‌లైన్ ముందుకి జరిగి, ఆ తరవాత రాసిన టైములన్నీ ఇరవై సెకన్లు తప్పుతాయి. నాలుగు కోతలయ్యాక చీటీ వేరే పెళ్లిదేమో అనిపిస్తుంది. కింద నుంచి పైకి కోసుకొస్తే ఈ ఇబ్బంది రాదు, కాబట్టి ఆ కిటుకు కుర్రాళ్లకి నేర్పకూడదు. క్లిప్పు పేరుకి మాత్రం ఈ జబ్బు లేదు. షాటు ఎక్కడికి జరిగినా దాని పేరూ, తీసినప్పుడే కెమెరా వేసిన దాని సొంత సోర్స్ టైమ్‌కోడూ దానితోనే ఉంటాయి. అందుకే దీని మీద ఇంత ఆందోళన.

శత్రువు ఎత్తుగడలు తెలిసి ఉండటం మంచిది. డావిన్చీ రిసాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో అయితే వర్క్‌స్పేస్ మెనూలో డేటా బర్న్-ఇన్ (బొమ్మ మీదే ఈ అక్షరాలు అచ్చేసేది) అని ఉంటుంది. తెరిస్తే ప్రాజెక్ట్, క్లిప్ అని రెండు ట్యాబ్‌లు. ప్రాజెక్ట్ ట్యాబ్‌లో సోర్స్ క్లిప్ నేమ్‌కి ఒక టిక్కు, సోర్స్ టైమ్‌కోడ్‌కి ఒక టిక్కు పెడితే చాలు, స్నాతకం నుంచి అప్పగింతల దాకా ప్రతి షాటుకీ పేరు పడిపోతుంది. అక్షరాల సైజు, చోటు, వెనక నల్లపట్టీ ఎంత చిక్కగా ఉండాలో కూడా అక్కడే. ఇంత సులువుగా పెట్టడం ఆ కంపెనీవాళ్ల బాధ్యతారాహిత్యం.

ఇంకో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ప్రీమియర్ ప్రో వాళ్లు కాస్త నయం, దారిలో గోతులు తవ్వి ఉంచారు. మొదటి గొయ్యి ఎక్స్‌పోర్ట్ కిటికీలోనే, నేమ్ ఓవర్‌లే అన్న ముచ్చటైన పేరుతో. అమాయకుడు దానికి టిక్కు పెట్టి వీడియో ఫైలు తయారుచేయిస్తాడు. వీడియో మొదటి నుంచి చివరిదాకా ఒకటే పేరు: 'సీక్వెన్స్ 01'. అది క్లిప్పుల పేరు చూపించదు, మొత్తంగా బయటికి పంపుతున్న సీక్వెన్స్ (షాట్లన్నీ కూర్చిన వరస) పేరో, ఫైలు పేరో చూపిస్తుంది. క్లిప్పుల పేర్లు కావాలంటే పాతకాలం నుంచీ ఉన్న క్లిప్ నేమ్ అనే వీడియో ఎఫెక్టు వేయాలి. అందులో డిస్‌ప్లే దగ్గర మూడు రకాలుంటాయి: టైమ్‌లైన్ మీద ఉన్న పేరు, బిన్‌లో (సాఫ్ట్‌వేర్‌లో క్లిప్పులు దాచుకునే ఫోల్డర్లో) మనం పెట్టుకున్న పేరు, హార్డ్‌డిస్క్‌లో ఫైలు పేరు. మూడూ ఒకటే అనుకోవడంలో ఎంతో సుఖం ఉంది, అలాగే అనుకోండి. బిన్‌లో పేరు మార్చినా, అప్పటికే టైమ్‌లైన్ మీదికెక్కిన ముక్క మామూలుగా పాత పేరుతోనే కూర్చుని ఉంటుంది.

తెలివైనవాడు ప్రతి క్లిప్పుకీ ఎందుకని, పైన ఒక ట్రాన్స్‌పరెంట్ వీడియో (కంటికి కనబడని ఖాళీ క్లిప్పు) పరిచి దాని మీద ఎఫెక్టు వేసి, సోర్స్ ట్రాక్‌గా, అంటే పేరు తీసుకోవాల్సిన వరసగా, అన్నిటికన్నా కిందున్న వీడియో 1 ఎంచుకుంటాడు. తెర మీద వీడియో 2లో ఉన్న డ్రోన్ షాటు కొబ్బరితోటల మీదుగా ఎగురుతుంటుంది, మూలన పేరు మాత్రం కింద దాక్కున్న ట్రెడిషనల్ కెమెరాది వస్తుంది. పెద్దమ్మ ఆ పేరు చెబుతుంది, కుర్రాడు తలంబ్రాలు కోసేస్తాడు. నెస్ట్ చేసిన (కొన్ని క్లిప్పుల్ని ఒకే క్లిప్పుగా మూటకట్టిన) సీక్వెన్స్ మీద వేసినా ఇలాంటి శుభమే: లోపలి పేర్లు రావు, నెస్ట్ పేరు ఒక్కటే వస్తుంది. రిసాల్వ్‌లోనూ అలాంటి మూటకి, అంటే కాంపౌండ్ క్లిప్పుకి, అదే గతి. క్లిప్పులన్నీ సెలెక్ట్ చేసి, నెస్ట్ కాకముందే ఎఫెక్టు వాటి మీద నేరుగా పడేసేవాడి దగ్గర మాత్రం మన ఆటలు సాగవు.

అయినా నిరాశ పడక్కర్లేదు. మన అసలు బలం కెమెరా పెట్టే పేర్లలో ఉంది. ఈ గడ్డ మీద సంక్రాంతి పుంజుకి కూడా ఈక రంగును బట్టి కాకి, డేగ, నెమలి అని పేరుంటుంది. లక్షలు పోసి తీయించిన షాటుకి మాత్రం సీ0001. ట్రెడిషనల్ సోనీలో ఒక సీ0001, క్యాండిడ్ సోనీలో ఇంకో సీ0001, కార్డు ఫార్మాట్ చేయగానే లెక్క మొదటికొచ్చేలా సెట్టింగు ఉంటే మర్నాడు సత్యనారాయణ వ్రతానికి మరో సీ0001. తెర మీద పేరు ఎంత స్పష్టంగా పడినా అది ఏ కెమెరాదో ఎవరూ చెప్పలేరు. రెండు కార్డులూ ఒకే ఫోల్డర్లోకి కాపీ కొడితే ఇంకా శ్రేష్ఠం. విండోస్ మర్యాదగా అడుగుతుంది, నిద్రకళ్లతో 'రీప్లేస్' నొక్కితే కాశీయాత్ర మొత్తం నిజంగానే కాశీకి పోతుంది.

గోప్రో కెమెరా ఇంకో మహానుభావుడు. పొడవాటి రికార్డింగుని ముక్కలు చేసి మొదటి ముక్కకి జీఎక్స్010023, రెండోదానికి జీఎక్స్020023 అని పెడతాడు. ముందున్న రెండంకెలు ముక్క నంబరు, చివరి నాలుగూ రికార్డింగు నంబరు. పేరు వరసలో పేర్చితే అన్ని రికార్డింగుల మొదటి ముక్కలూ ఒకచోట, రెండో ముక్కలు ఇంకోచోట చేరతాయి.

దీన్నంతా చెడగొట్టే చాదస్తులు కొందరున్నారు. కార్డుకో ఫోల్డరు పెడతారు. సాఫ్ట్‌వేర్‌లోకి తేకముందే ఫైళ్ల పేర్ల ముందు తేదీ, కెమెరా అక్షరం చేరుస్తారు: '0214_ఏ_సీ0412', '0214_బీ_సీ0412'. కొత్త సోనీ కెమెరాలు కొన్నింట్లో ఆ 'సీ' బదులు మనకి నచ్చిన అక్షరాలు కెమెరాలోనే పెట్టుకోవచ్చట, అదీ వదలరు. ఈ పని ఎడిటింగ్ సగంలో ఉండగా చేయమని సలహా ఇవ్వండి. ఫైలు పేరు మారగానే టైమ్‌లైన్ అంతా ఎర్రబారి, మీడియా ఆఫ్‌లైన్ అంటుంది.

పేరు వేయక తప్పదని ఎవరైనా పట్టుబడితే కింద మధ్యలో వేయమనండి, వధూవరుల పేర్ల టైటిల్ మీద చక్కగా కూర్చుంటుంది. తెల్ల అక్షరాలు, వెనక పట్టీ లేకుండా. పెళ్లికొడుకు పట్టుపంచె మీద ఒక్క అంకె కనబడదు. పంపేటప్పుడు వాట్సాప్‌లో మామూలు వీడియోగానే పంపాలి. అది నలిపి పిండేశాక 3 ఏదో 8 ఏదో ఎవరి ఊహ వారిది. డాక్యుమెంట్‌గా పంపితే ఫైలు ఉన్నది ఉన్నట్టు వెళ్లిపోతుంది, జాగ్రత్త.

ఇక ఫైనల్ కాపీ. రిసాల్వ్‌లో వీడియో బయటికి తీసే డెలివర్ పేజీలో, అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్ కింద డేటా బర్న్-ఇన్ అనే వరస ఉంటుంది. అక్కడ 'నన్' పెడితే పేర్లు రావు, 'సేమ్ యాజ్ ప్రాజెక్ట్' ఉంటే వస్తాయి. దాన్ని ముట్టుకోవద్దు. జీలకర్ర బెల్లం పెట్టే షాటు మీద సీ0388 అని పడిన పెన్‌డ్రైవ్ ఇంటికి చేరాక ఎవరైనా అడిగితే, ముహూర్తం నంబరండీ అని చెప్పండి. పెదనాన్నగారు పంచాంగం తీసి సరిచూసుకుంటారు.