ముందు బూట్లు, తర్వాతే రాకెట్

బ్యాడ్మింటన్ కొత్తగా ఆడేవాళ్లు ఏడెనిమిది వేలు పెట్టి హెడ్ హెవీ (తల వైపు బరువెక్కువ ఉన్న) రాకెట్ కొంటే స్మాష్ బాగా పడుతుందని ఒక వ్యాసంలో రాశారు. నేను ఒప్పుకోను. టెక్నిక్ లేకుండా తల బరువున్న రాకెట్ ఊపితే ముందు పోయేది భుజం. సరదాగా ఆడేవాళ్లకి 4యూ (అంటే 80-84 గ్రాముల బరువు) ఈవెన్ బ్యాలెన్స్ (తలకీ పిడికీ బరువు సమంగా ఉన్న) రాకెట్ చాలు, రెండు వేల లోపే మంచివి దొరుకుతాయి. గట్స్ టెన్షన్ (తీగల బిగువు) కూడా 20-22 పౌండ్లు చాలు. 28 వేయించుకుంటే స్వీట్ స్పాట్ (దెబ్బ బాగా తగిలే మధ్య భాగం) చిన్నదైపోతుంది, షటిల్ వెనక గీత దాకా వెళ్లదు. షాపువాడు మాత్రం ఎంతంటే అంత బిగిస్తాడు, ఆడేది మనం కదా!

అసలు ఆ వ్యాసంలో బూట్ల ఊసే లేదు. రన్నింగ్ షూస్‌కి మడమ ఎత్తుగా, మెత్తగా ఉంటుంది. పక్కకి దూకినప్పుడు చీలమండ మడత పడేది వాటితోనే. గమ్ సోల్ (రబ్బరు అడుగు) ఉన్న, నేల మీద మరకలు పడని నాన్ మార్కింగ్ బూట్లకే ముందు డబ్బు పెట్టండి. చాలా ఇండోర్ కోర్టుల్లో అవి లేకపోతే లోపలికే రానివ్వరు.

షటిల్ సంగతి. రోజూ ఫెదర్ (ఈకల షటిల్) అంటే జేబుకి చిల్లే, నైలాన్ నయం. ఎండాకాలం వేడికి గాలి పలచబడి షటిల్ దూరం పోతుంది, అందుకని మన ఊళ్లలో మే నెలలో ఆకుపచ్చ పట్టీ ఉన్న స్లో రకం తీసుకోండి. చలికాలానికి నీలం. అపార్ట్‌మెంట్ కింద, గాలిలో ఆడేవాళ్లయితే ఫెదర్ జోలికే పోవద్దు.