నిద్రపోతున్న యాప్‌ను చంపితే ఫోను పరుగెత్తదు

రాత్రి పదకొండు దాటాక నా ఫోను నన్ను పాస్‌వర్డ్ అడిగింది. పాస్‌వర్డ్ నాకు గుర్తుంది. టైపు చేయడానికే కీబోర్డు లేదు. పది నిమిషాల క్రితం దాన్ని నేనే పీకేశాను.

ఫోనుతో వచ్చిన కీబోర్డు బరువుగా ఉందని, రూట్ అధికారం, అంటే కంపెనీ వేసిన హద్దులు దాటి ఫోనులో ఏదైనా మార్చగలిగే అధికారం, చేతికి రాగానే దాన్ని తొలగించి, ఓపెన్ సోర్స్ (కోడ్ అందరికీ తెరిచి ఉంచిన) కీబోర్డు ఒకటి పెట్టుకున్నాను. నాలుగు మెసేజీలు రాసి చూశాను, హాయిగా నడిచింది. ఆ సంతోషంలో రీస్టార్ట్ చేశాను. అక్కడ దొరికిపోయాను. ఆండ్రాయిడ్ 7తో వచ్చిన పద్ధతి ప్రకారం ఫోను ఆన్ చేశాక మొదటిసారి తాళం తీసేదాకా మన డేటా ఎన్‌క్రిప్షన్‌లోనే, అంటే ఎవరూ చదవలేని రహస్య రూపంలోనే ఉంటుంది. ఆ దశలో కూడా పని చేయగలమని ముందే ప్రకటించుకున్న యాప్‌లకు మాత్రమే లేచే అనుమతి. నేను తీసేసిన కీబోర్డుకు ఆ ఏర్పాటు ఉంది, నేను ముచ్చటపడి పెట్టుకున్నదానికి లేదు. అంకెల పిన్ అయి ఉంటే గండం గడిచేది, ఎందుకంటే ఆ అంకెలను లాక్ స్క్రీన్ తానే చూపిస్తుంది. నాది అక్షరాలున్న పాస్‌వర్డ్. చివరికి కంప్యూటర్ కీబోర్డును, ఫోనుకు యూఎస్‌బీ పరికరాలు కలిపే ఓటీజీ కేబుల్‌తో తగిలించి, అరచేతంత తెర ముందు మూరెడు కీబోర్డు పెట్టుకుని, పాస్‌వర్డ్ కొట్టి లోపలికి వెళ్లాను.

ఇదంతా ఎందుకు చేశాను? ఫోను వేగం పెరుగుతుందని. 3 జీబీ ర్యామ్ ఉన్న పాత ఫోను అది. కాల్ వస్తే పేరు కనిపించడానికి రెండు క్షణాలు పట్టేది. రూట్ చేసి కంపెనీ పెట్టిన యాప్‌లన్నీ తీసేస్తే కొత్త ఫోనులా మారిపోతుందని చాలామంది చెప్పగా విన్నాను. తొలగించవలసిన వందో నూటయాభయ్యో యాప్‌ల జాబితా ఒకటి చేతికి దొరికింది. అందులో ప్రతి పేరూ ఎందుకుందో ఒక్క ముక్క రాసి లేదు. అయినా వరసగా కొట్టేసుకుంటూ పోయాను. ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకోవడమంటే ఇదే.

ఇలాంటి జాబితాలు తయారుచేసేవాళ్ల మీద నాకు నిజంగానే కోపం. కాంటాక్ట్స్ స్టోరేజ్ అని ఒకటుంటుంది. పేరు చూస్తే కాంటాక్ట్స్ యాప్ వేరే ఉంది కదా, ఇది దేనికి అనిపిస్తుంది. మన ఫోను నంబర్లన్నీ నిజానికి ఉండేది అందులోనే. కాంటాక్ట్స్ యాప్ కిటికీ మాత్రమే, గది అది. మీడియా స్టోరేజ్ కూడా అంతే. దాన్ని కదిపితే ఏ గ్యాలరీకీ ఫొటోలు సరిగా దొరకవు. ఇక లాంచర్, అంటే హోమ్ స్క్రీన్‌ను నడిపే యాప్ సంగతి. ఆండ్రాయిడ్ 9 నుంచి చాలా ఫోన్లలో, ఇటీవల వాడిన యాప్‌లను చూపించే తెర లాంచర్‌లోనే కలిసిపోయింది. కొత్త లాంచర్ పెట్టుకున్నాం కదా అని పాతదాన్ని తుడిచేస్తే, మరునాడు ఒక యాప్ నుంచి మరో యాప్‌కు మారే దారి మూసుకుపోతుంది. ఈ మాట జాబితాలో ఉండదు. కింద మాత్రం "మీ సొంత బాధ్యత" అని ఒక వాక్యం ఉంటుంది.

అసలు లెక్క దగ్గరికి వస్తాను. యాప్ తీసేస్తే స్టోరేజీ ఖాళీ అవుతుందనేది మొదటి భ్రమ. ఫోను స్టోరేజీని పార్టిషన్లనే విడి భాగాలుగా విభజిస్తారు. ఫోనుతో వచ్చిన యాప్‌లు ఉండేది సిస్టమ్ పార్టిషన్‌లో. మన ఫొటోలు, వీడియోలు, మనం దించుకున్న యాప్‌లు ఉండేది డేటా పార్టిషన్‌లో. రెండింటికీ మధ్య గోడ ఉంది. అక్కడ ఎంత ఖాళీ చేసినా ఆ జాగా ఇటు రాదు. పైగా ఇప్పటి ఫోన్లలో ఆ సిస్టమ్ పార్టిషన్‌లో రాయడమే సాధ్యం కాకుండా కట్టుదిట్టం చేశారు. 2016లో వచ్చిన మ్యాజిస్క్ అనే రూట్ సాధనం అందుకే వేరే దారి పట్టింది. సిస్టమ్‌ను ముట్టుకోకుండా, ఫోను ఆన్ అయ్యేటప్పుడు మొదట నడిచే బూట్ ఇమేజీని మాత్రం మార్చి, ఫోను లేచేటప్పుడు అసలు ఫోల్డరు మీద ఖాళీ ఫోల్డరు కప్పుతుంది. యాప్ కనపడదు, నడవదు, కానీ ఆ దుప్పటి కింద అలాగే పడి ఉంటుంది. నేను రెండు రాత్రులు కూర్చుని అరవైకి పైగా యాప్‌లు తొలగించాక సెట్టింగ్స్‌లో స్టోరేజీ చూసుకుంటే కొద్దిగా పెరిగింది. అది కూడా ఆ యాప్‌ల అప్‌డేట్లు ఆక్రమించిన చోటు. ఫోనుతో వచ్చిన యాప్ అప్‌డేట్ అయితే పాత ప్రతి సిస్టమ్‌లోనే ఉండి, కొత్త ప్రతి మన డేటాలో చేరుతుంది. ఆ చోటు తిరిగి తెచ్చుకోవడానికి రూట్ అక్కర్లేదు. యాప్ సమాచారంలోకి వెళ్లి అప్‌డేట్లను తీసేసి, డిసేబుల్ నొక్కితే చాలు.

రెండో భ్రమ ర్యామ్ గురించి. ఖాళీగా ఉన్న ర్యామ్ మంచి ర్యామ్ అనుకుంటాం. ఆండ్రాయిడ్ అలా ఆలోచించదు. మనం వాడి వదిలేసిన యాప్‌ను వీలైనంతసేపు ర్యామ్‌లోనే ఉంచుతుంది, మళ్లీ తెరిస్తే వెంటనే రావాలని. చోటు చాలకపోతే తక్కువ అవసరమున్నవాటిని తానే పంపించేస్తుంది. ఫోనుతో వచ్చినా సరే, ఎవరూ తెరవని, తనంతట తాను లేవని యాప్ అక్కడ వంద ఉన్నా ఫోను వేగానికి వచ్చే నష్టం లేదు. దిక్సూచి యాప్ నాలుగేళ్లుగా నా ఫోనులో ఉంది. ఒక్కసారి కూడా తెరవలేదు. దాన్ని తీసేసినప్పుడు నాకు కలిగిన ఆనందం పూర్తిగా మానసికం.

మరి ఫోను ఎందుకు నత్తలా నడిచింది? ఇది తెలుసుకోవడానికి నాకు తొలగింపులన్నీ వెనక్కి తిప్పి, మళ్లీ మొదటి నుంచి చూడవలసి వచ్చింది. సెట్టింగ్స్‌లో దాచి ఉంచే డెవలపర్ ఆప్షన్లలో రన్నింగ్ సర్వీసెస్ అని ఒక పేజీ ఉంటుంది. ఫోను పక్కన పెట్టి, ఏమీ తెరవకుండా, అరగంటకోసారి ఆ పేజీ చూశాను. మూడు నాలుగు పేర్లే మళ్లీ మళ్లీ కనిపించాయి. మొదటిది గ్యాలరీ. ఫొటోల్లో ముఖాలు గుర్తుపట్టి గుంపులు కట్టే పని దానంతట అదే పెట్టుకుంది. రెండోది లాంచర్ పక్కన అంటుకుని ఉన్న వార్తల పేజీ. నేను ఎన్నడూ అటు వేలు జరపకపోయినా వార్తలు తెచ్చుకుంటూనే ఉంది. మూడోది చూసి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఫోనును వేగవంతం చేస్తానని కంపెనీయే పెట్టిన క్లీనర్. కాసేపటికోసారి లేచి, ర్యామ్‌లో ఉన్న యాప్‌లను తరిమేసి, ఇంత ఖాళీ చేశానని నోటిఫికేషన్ ఇస్తుంది. అది తరిమిన యాప్‌ను నేను తెరిస్తే మళ్లీ మొదటి నుంచి మొదలవ్వాలి, దానికి ప్రాసెసరూ ఖర్చు, బ్యాటరీ కూడా ఖర్చే. తనే ఇల్లు చిందరవందర చేసి, తనే సర్ది, తనే కూలి అడిగే పనిమనిషిని ఎక్కడైనా చూశారా? నా ఫోనులో ఉంది.

ఈ మూడింటిని ఆపేస్తే చాలావరకు తేడా తెలిసింది. మిగతా అరవైటిని తీసినా ఉంచినా నేను పసిగట్టగలిగిన తేడా లేదు. తీసేసినవాటి స్థానంలో ఏం పెట్టామన్నది కూడా ముఖ్యమే. గ్యాలరీకి బదులు ఫొటోలు చూపించడం తప్ప మరో పని ఎరగని చిన్న గ్యాలరీ పెట్టాను, అది నిజంగా లాభం. కెమెరా యాప్ మాత్రం మార్చి చెంపలు వేసుకున్నాను. మసక వెలుతురులో బొమ్మను తేటపరిచే పనంతా తయారీదారు తన సొంత యాప్‌లోనే చేస్తాడు. బయటి యాప్ తీసిన ఫొటోలో మా తమ్ముడి ముఖం నీళ్లలో తడిసిన కాగితంలా వచ్చింది. "అన్నా, ఇది నేనేనా?" అన్నాడు. గంటలో పాత కెమెరా తిరిగొచ్చింది. వాతావరణం యాప్ మార్చినప్పుడైతే పెనం మీద నుంచి పొయ్యిలో పడ్డాను. పాతదాని కంటే కొత్తదే ఎక్కువసార్లు లేస్తోంది, పైగా ప్రకటనలు.

రూట్‌కు నేను కట్టిన మూల్యం కూడా చెప్పాలి కదా. రూట్ కోసం బూట్‌లోడర్ (ఫోనును లేపే తొలి ప్రోగ్రాం) తాళం తీసేటప్పుడు ఫోనులోని డేటా మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది. అది భద్రత కోసం పెట్టిన నియమం, తప్పు పట్టను. తర్వాత బ్యాంకు యాప్ మొండికేసింది. ఫోను నమ్మదగినది కాదట. కంపెనీ అప్‌డేట్ వచ్చినప్పుడల్లా మార్చిన బూట్ ఇమేజీని పాత స్థితికి తెచ్చి, అప్‌డేట్ చేసి, మళ్లీ మార్చాలి. ఒక నెల బద్ధకించాను, ఆ నెల భద్రతా సవరణలు లేకుండా తిరిగాను.

కోపం రెండో వైపు కూడా ఉంది, అది ఇంకా పెద్దది. తాళాలు పగలగొట్టాలన్న ఆలోచన మనకు ఎందుకు రావాలి? డబ్బు పెట్టి కొన్న వస్తువులో నాకు అక్కర్లేనిదాన్ని తీసేయడానికి మామూలు బటన్ ఉంటే ఈ గొడవంతా ఎందుకు? డిసేబుల్ బటన్ కూడా కొన్ని యాప్‌లకు కావాలనే బూడిద రంగులో ఉంచుతారు, నొక్కితే కదలదు. యాప్‌లను ముందే పెట్టి అమ్మినందుకు కంపెనీలకు డబ్బు ముడుతుంది. ఆ బేరంలో మనం లేము, సరుకుగా మాత్రం ఉన్నాం. ఐరోపా కమిషన్ 2018 జులైలో గూగుల్‌కు 434 కోట్ల యూరోల జరిమానా వేసిందంటే, సెర్చ్‌నూ క్రోమ్‌నూ ప్లే స్టోర్‌తో ముడిపెట్టి ముందే ఎక్కించాలని తయారీదారులను కట్టడి చేయడం అందులో ఒక ప్రధాన కారణం. 2024 మార్చి నుంచి అమలైన అక్కడి డిజిటల్ మార్కెట్ల చట్టం, దాని పరిధిలోకి వచ్చే పెద్ద కంపెనీలు తమ యాప్‌లను సులువుగా తొలగించే వీలివ్వాలంటోంది. అత్యవసరమైనవాటికి మినహాయింపు ఉంది, అది న్యాయమే. కానీ ఆ క్లీనర్ ఎవరికి అత్యవసరం?

ఇప్పుడు నా ఫోనులో రూట్ లేదు. బూట్‌లోడర్ తాళం మళ్లీ వేసేశాను, డేటా మరోసారి తుడిచిపెట్టుకుపోయింది. ఆ మూడింటినీ మరో ఎనిమిదింటినీ కంప్యూటర్ నుంచి ఫోనుకు ఆదేశాలిచ్చే ఏడీబీ అనే సాధనంతో నా ఖాతా వరకు తొలగించాను. ఆ ఆదేశాలకు ఫోను ఒప్పుకునేలా యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేసి, ప్యాకేజీ పేరు (యాప్‌కు సిస్టమ్‌లో ఉండే అసలు పేరు) చూసుకుని, ఒక్కొక్కటిగా. అసలు ప్రతి సిస్టమ్‌లోనే ఉంటుంది కాబట్టి తేడా వస్తే ఒక్క ఆదేశంతో వెనక్కి వస్తుంది. ఒకటి తీయడం, రెండు రోజులు వాడడం, అప్పుడు రెండోది. పదకొండింటికి మూడు వారాలు పట్టింది. బ్యాంకు యాప్ తిరిగి నాతో మాట్లాడుతోంది. కాల్ వస్తే పేరు వెంటనే కనిపిస్తోంది.

దిక్సూచిని ముట్టుకోలేదు. కీబోర్డు మార్చాను గానీ పాతదాన్ని తీయలేదు. ఓటీజీ కేబుల్ మాత్రం ఇప్పటికీ బ్యాగులోనే ఉంటుంది.