ప్రాస గారికి, ఫ్లెక్సీ షాపు నుంచి

మహారాజరాజశ్రీ ప్రాస గారి దివ్యసముఖానికి,

తెనాలిలో ఫ్లెక్సీలు, పెళ్లికార్డులు డీటీపీ చేసుకుని బతికే ఒకడు నమస్కరించి రాసుకునేది. ఉభయకుశలోపరి. ‘ఉభయ’ అని అలవాటుకొద్దీ రాశాను గానీ, కుశలం మీకే. నాకు లేదు. కారణం తమరే కాబట్టి ఈ ఉత్తరం.

పోయిన నెలలో మా వార్డు నాయకుడి పుట్టినరోజు. ఆయన పేరు చెప్పను. చివర ‘రావు’ ఉంటుంది, మీకు అది చాలు. ఈమధ్య మీరు చూసేది మాట చివరే కదా. ఆయన కుర్రాళ్లు నలుగురు రెండు బళ్ల మీద వచ్చారు. ఇరవై అడుగుల వెడల్పు, పది అడుగుల ఎత్తు. ఫోటో పెన్‌డ్రైవ్‌లో ఉంది, వెనకాల సింహం పెట్టాలి, పైన మ్యాటర్ నేనే రాయాలి. “అన్నా, ఏం రాసినా సరే, ప్రాస పడాలి” అన్నారు. అర్థం ఉండాలని అనలేదు. ఇన్నేళ్లలో ఆ మాట అన్న పార్టీ ఒక్కటీ నా షాపు గడప తొక్కలేదు.

రావుకు ప్రాస వెతకడం మాటలు కాదండీ. ఆవు, చావు, రేవు, పావు, బావు. పుట్టినరోజు ఫ్లెక్సీ మీద వీటిలో ఏది పెట్టినా నా షాపు అద్దాలు మిగలవు. అరగంట కొట్టుకున్నాక, టీ తాగుతున్న కుర్రాడొకడు ‘తావు’ అన్నాడు. అంతే, పూనకం వచ్చినట్టు మిగతాదంతా దానంతటదే వచ్చేసింది.

మా గుండెల్లో నీకే తావు
ఆపదొస్తే ముందు రావు!

నలుగురూ ఈల వేశారు. నేనూ తలూపాను. ఫాంటు మార్చినప్పుడు వత్తులు ఎగిరిపోతుంటాయి కాబట్టి వత్తులు రెండుసార్లు చూసుకున్నాను, దీర్ఘాలు చూసుకున్నాను. రాత్రికి ప్రింటు తీసి ఇస్తే తెల్లారేసరికి సెంటర్లో కట్టేశారు.

ఆపద వస్తే అందరికంటే ముందుండేది మా రావు అని వాళ్ల భావం. పొద్దున్నే పాల ప్యాకెట్ల కోసం వచ్చిన జనం మాత్రం దాన్ని ఉన్నదున్నట్టు తెలుగులో చదివారు. ఆపదొస్తే నువ్వు ముందుకు రావు అని. ఒక పెద్దాయన కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చదివి, “ఫ్లెక్సీ మీద నిజం రాయడం ఇదే చూడ్డం” అన్నాడట. ఎనిమిదిన్నరకల్లా విప్పేశారు. ఆ తర్వాత నేను తిన్న తిట్లు ఇక్కడ రాయలేను గానీ, వాటిలో కూడా మీరు చక్కగా పడ్డారు. డబ్బులు రాలేదు. అవి కూడా ఆ ఫ్లెక్సీలో ఉన్నట్టే, రావు.

నేను పిలిచింది మిమ్మల్ని. మీ వెనకాలే శ్లేష గారు ఎందుకు వచ్చినట్టు? ఒక్క మాటలో రెండర్థాలు దూర్చడంలో ఆవిడ ఎంత ఘనురాలో నాకు తెలుసు. రామరాజభూషణుడు వసుచరిత్రలో ఆవిడకు ఎంత పెద్దపీట వేశాడో పండితులు చెబుతుంటే విన్నాను. అక్కడ కూర్చోమనండి. మా వార్డు సెంటర్లో ఆవిడకేం పని?

అసలు మీరు మొదట్నుంచీ ఇలా లేరు, అదే నా బాధ. పద్యంలో మీ సీటు ప్రతి పాదంలోనూ రెండో అక్షరం. మొదటి పాదంలో అక్కడ ఏ హల్లు కూర్చుంటే నాలుగో పాదం దాకా అదే కూర్చోవాలి. అచ్చు మారినా మీరు పట్టించుకోరు, హల్లు మారితే మాత్రం ఊరుకోరు. సంస్కృతంలో శార్దూల పద్యానికి మీతో పనే లేదు, హాయిగా తిరిగింది. తెలుగులోకి అడుగుపెట్టేసరికి గుమ్మంలో మీరు! కన్నడంలోనూ మీదే పెత్తనం, తమిళంలో ఎతుగై అని మీ చుట్టం ఉంది. పదో తరగతిలో గణవిభజన చేసినప్పుడల్లా, గణాలు తప్పినా సరే, చివర ‘ప్రాస నియమం కలదు’ అని రాసి ఒక మార్కు తెచ్చుకునేవాణ్ణి. తేటగీతికి కూడా రాస్తే మాస్టారు ఎర్రసిరా పెన్నుతో కొట్టేశారు. దానికి ఆ నియమం లేదని అలా తెలిసింది.

అప్పట్లో మీ పని ఎంత కష్టంగా ఉండేదో ఒక్క పద్యం చాలు.

అక్కరకు రాని చుట్టము
మ్రొక్కిన వరమీని వేల్పు మోహరమున దా
నెక్కిన బారని గుర్రము
గ్రక్కున విడువంగ వలయు గదరా సుమతీ

‘క్క’. నాలుగు పాదాలకూ అదే మేకు. రెండో పాదం చివర ఆ ‘దా’ చూశారా? అది ‘తాను’లో సగం. యుద్ధంలో తాను ఎక్కిన గుర్రం అనాలి. ‘తాను’ మొత్తం పై పాదంలో పట్టదు. అక్కడ చివర గురువు, అంటే బరువైన అక్షరం, ఉండాలి, కింది పాదం ‘ఎక్కిన’ దగ్గర మీకు లెక్క కుదరాలి. అందుకని కవి మనిషిని నడిమికి విరిచి, సగాన్ని పైన వదిలి సగాన్ని గుర్రం ఎక్కించాడు. ఆ గుర్రం పారకపోవడానికి అదే కారణమని నా అనుమానం. ఇక చివరి పాదంలో ‘గదరా’. దానికి అర్థం ఏముంది? పాదం మొదటి అక్షరానికి మధ్యలో జోడీ వెతికే యతి గారు ‘గ్రక్కున’లోని గకారానికి జోడీ అడిగారు, ఇచ్చాడు. ఇంత కోసి, ఇంత కుట్టినా, చదువుతుంటే ఎక్కడా కుట్టు తగలదు. మన పక్కన కూర్చుని మాట్లాడినట్టే ఉంటుంది.

మా నాయనమ్మకు సంతకం రాదు, ఈ పద్యం వచ్చు. ఎక్కడైనా పాదం మర్చిపోతే ‘క్క... క్క...’ అంటూ గొణుక్కునేది, కాసేపటికి గుర్రం అదే నడిచి వచ్చేది. ఆవిడకు మీరు తాళంచెవి. నాకేమో కోర్టు నోటీసు.

వేమనను చూడండి. ఆయన పద్యాలు ఎక్కువగా ఆటవెలదులే, ఆటవెలదికి మీ నియమం లేదు. పైగా నాలుగో పాదానికి మకుటం ఎప్పుడూ సిద్ధం. మీ పోరు పడలేకే ఆ దారి పట్టాడేమోనని నాకెప్పుడూ అనిపిస్తుంది. శ్రీశ్రీ మిమ్మల్ని ఎదిరించాడని అందరూ అంటారు. ‘ఛందోబందోబస్తులు’ అని తిట్టాడు కూడా. తిట్టిన మాటలోనే ఛందో, బందో అంటూ మీరు తొంగిచూస్తున్నారు, అది వేరే సంగతి. ఆ మహానుభావుడే సిరిసిరిమువ్వా అని కందపద్యాలు రాశాడు, ప్రాసక్రీడలు అని పేరు పెట్టి మరీ ఆడుకున్నాడు. మిమ్మల్ని వదిలించుకోవడం ఆయన వల్లే కాలేదు, నేనెంత.

చదువుకున్నవాళ్లే కాదు. ‘ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, ఏరు దాటాక బోడి మల్లయ్య’ అన్నది ఎవరో మాకు తెలీదు గానీ, ఛందస్సు పుస్తకం పట్టుకున్నవాడైతే కాదు. ఓడ, బోడి. రెండో అక్షరం, అదే మీ పాత సీటు! అర్థం చూస్తే, ఎలక్షన్ల తర్వాత దీనికి మించిన ఫ్లెక్సీ మ్యాటర్ లేదు. ఎవరూ ఆర్డరివ్వరు గానీ.

మరి అంత పనిమంతులు, ఇప్పుడు చేస్తున్నదేమిటి? పాదం మొదట్లో చెమటోడ్చడం మానేసి, చివర అంత్యప్రాస అని కుర్చీ వేసుకుని కూర్చున్నారు. పద్యంలో అది ఇష్టమైతే పెట్టుకునే నగ. ఇప్పుడేమో ఒంటి మీద గుడ్డ లేకపోయినా నగ ఉండాలంటున్నారు. పెళ్లికార్డుల్లో ‘మా ఇంట పెళ్లి, మీరాక మాకు పాలవెల్లి’. పాలవెల్లి వినాయకచవితికి కడతారు కదండీ అంటే, “పడింది కదా, ఉండనివ్వు బాబాయ్” అన్నాడు పెళ్లికొడుకే. ఆటోల వెనక మీరే, టీవీ స్క్రోలింగుల్లో మీరే, యూట్యూబ్ థంబ్‌నెయిళ్ల మీద మూడు ఆశ్చర్యార్థకాలతో మీరే. మీరు పడ్డారంటే చాలు, చెవి సంతకం పెట్టేస్తుంది. ఫైలు బుర్ర దాకా వెళ్లదు. ఆ రోజు నా సంతకం కూడా అలాగే పడింది, కాదనను. తప్పంతా మీ మీదకు నెట్టేద్దామనే ఈ ఉత్తరం మొదలుపెట్టాను గానీ, ఇక్కడికి వచ్చేసరికి సగమే నెట్టగలుగుతున్నాను.

ఇంతకీ కోరేది ఏమిటంటే, నా షాపుకు రావద్దని అనను. మీరు రాకపోతే పార్టీలు పక్క షాపుకు పోతాయి. వచ్చేటప్పుడు ఒంటరిగా రండి. శ్లేష గారికి చెప్పకుండా రండి. వీలైతే ఒకరోజు ముందు రండి, రాత్రికి ప్రింటుకు వెళ్లేలోపు ఇంకోసారి చదువుకుంటాను.

ఇట్లు,
తిట్లు తిన్నవాడు.

తా.క.: ఉత్తరం మడుస్తుంటే ఇంకో ఆర్డరు వచ్చింది. ఈసారి పేరు చివర ‘మూర్తి’. కీర్తి, స్ఫూర్తి అంటూ మీరు అప్పుడే వచ్చి కౌంటర్ ముందు నిలబడ్డారు. కుర్రాళ్లు ‘పూర్తి’ కూడా కలపమంటున్నారు. ‘ఈ ఎలక్షన్లతో మా మూర్తి... పూర్తి’ అని చదివి వినిపించి, ఇది మాత్రం వద్దు తమ్ముడూ అన్నాను. వాళ్లకు తెగ నచ్చింది, అదే వేయమంటున్నారు. అడ్వాన్సు మొత్తం ముందే తీసుకున్నాను.