పాత ఈథర్నెట్ కార్డు "పోయింది" అనే ముందు

పాత నెట్‌వర్క్ కార్డుల గురించి ఒక సలహా ఒకరి నుంచి ఒకరికి తిరుగుతోంది. దాని సారం ఇదీ: "లైనక్స్‌లో అన్ని డ్రైవర్లూ ముందే ఉంటాయి. కార్డు పెట్టి మెషీన్ ఆన్ చేస్తే దానంతట అదే దొరకాలి. దొరకలేదంటే కార్డు పోయినట్టే. దొరికినా స్పీడు రాకపోతే 100 ఫుల్ డూప్లెక్స్‌కి ఫిక్స్ చేసేయండి. ఒకే నంబరు చిప్ ఉంటే ఒకే డ్రైవర్ సరిపోతుంది. ఏదీ కుదరకపోతే కొత్త కెర్నల్ వేయండి."

ఇది నమ్మి బాగున్న కార్డుల్ని చెత్తబుట్టలో వేస్తున్నారు. ఐఎస్‌ఏ (కార్డుల్ని మెషీన్‌కి కలిపే పాత తరం బస్) స్లాట్లున్న పాత మెషీన్‌ని ఇంకా పనిలో ఉంచుకున్నవాళ్లకు ఆ కార్డు పోతే మరొకటి దొరకడం కష్టం. కాబట్టి ఇందులో ఒక్కో మాటా విడదీసి చూడాల్సిందే.

"దానంతట అదే దొరకాలి, దొరక్కపోతే పోయినట్టే."

ఐఎస్‌ఏ తర్వాతి తరం బస్ అయిన పీసీఐ కార్డుల విషయంలో మొదటి సగం నిజమే. ఆ బస్‌లో ప్రతి కార్డూ తన తయారీదారు నంబరూ పరికరం నంబరూ చెబుతుంది. లైనక్స్ కేంద్ర భాగమైన కెర్నల్ ఆ జతను చూసి మాడ్యూల్ (విడిగా ఎక్కించే డ్రైవర్ ముక్క) ఎక్కిస్తుంది. ఐఎస్‌ఏ బస్‌లో మొదట్లో అలా అడిగే ఏర్పాటే లేదు. కార్డు తన గురించి తానే చెప్పుకునే ప్లగ్ అండ్ ప్లే ఆ తర్వాత వచ్చింది, అదీ అన్ని కార్డుల్లో ఉండదు. అది లేని కార్డును వెతకాలంటే డ్రైవర్ ఏదో ఒక ఐఓ అడ్రస్ (ప్రాసెసర్ కార్డుతో మాట్లాడే చోటు నంబరు) దగ్గర తట్టి చూడాలి. అక్కడ వేరే కార్డు ఉంటే ఆ తట్టుడుకే మెషీన్ బిగుసుకుపోవచ్చు. అందుకే ఎన్‌ఈ2000 తరహా ఐఎస్‌ఏ కార్డుల డ్రైవర్ 'ఎన్‌ఈ'ని మాడ్యూల్‌గా ఎక్కించేటప్పుడు, ప్లగ్ అండ్ ప్లే మోడ్‌లో లేని కార్డుకు ఐఓ విలువ ఇవ్వకపోతే అది వెతకనే వెతకదు. ఐఓ విలువ ఇమ్మని కెర్నల్ లాగ్‌లో ఒక వరుస రాసి ఆగిపోతుంది. చాలామంది ఆ వరుస చదవకుండానే కార్డు పోయిందంటున్నారు.

ఆ విలువ తెలుసుకోవడానికి రెండు దారులు. జంపర్లు (సెట్టింగు మార్చే చిన్న పిన్ తొడుగులు) ఉన్న కార్డైతే బోర్డు మీదే రాసి ఉంటుంది. జంపర్లు లేనిదైతే సెట్టింగులు కార్డులోని ఈఈప్రామ్ అనే మెమరీ చిప్‌లో ఉంటాయి, వాటిని డాస్ ప్రోగ్రాంతో చదవాలి. త్రీకామ్ 3సి509కి 3సి5ఎక్స్9సీఎఫ్‌జీ, రియల్‌టెక్ 8019కి ఆర్‌సెట్8019. ఫ్రీడాస్‌తో బూట్ చేసి, ఈఎమ్‌ఎమ్‌386 లాంటి మెమరీ మేనేజర్లేవీ ఎక్కించకుండా నడపండి. అక్కడే ప్లగ్ అండ్ ప్లే ఆపేసి, అడ్రస్ 300 (హెక్సా, అంటే 16 ఆధారంగా రాసే అంకె), ఐఆర్‌క్యూ (కార్డు ప్రాసెసర్‌ని పిలిచే గీత నంబరు) 10 అని స్థిరపరచి సేవ్ చేస్తే తర్వాతి పని సులువు. లైనక్స్‌లోకి వచ్చాక, ఎన్‌ఈ2000 తరహా కార్డైతే (8019 అలాంటిదే, 3సి509కి వేరే డ్రైవర్), మోడ్‌ప్రోబ్ కమాండ్‌తో ఎన్‌ఈ మాడ్యూల్‌ని అవే ఐఓ, ఐఆర్‌క్యూ విలువలతో ఎక్కించండి.

అడ్రస్ ఎంచుకోవడంలో ఒక ఉచ్చు ఉంది. ఎన్‌ఈ2000 కార్డు ఒక్క అడ్రస్ కాదు, వరుసగా 32 తీసుకుంటుంది. 300 పెడితే 300 నుంచి 31ఎఫ్ వరకు దానివే. అలాగే 360 పెడితే 37ఎఫ్ వరకు ఆక్రమిస్తుంది, ప్రింటర్ పోర్టు ఉండేది 378లో. రెండూ ఒకదాన్నొకటి తొక్కుకుంటాయి. పైకి చూస్తే 360కీ 378కీ ఎంతో దూరం ఉన్నట్టే ఉంటుంది, అందుకే ఈ తప్పు ఎవరికీ పట్టుబడదు.

ఐఆర్‌క్యూ విషయంలో 3 రెండో సీరియల్ పోర్టుది, 4 మొదటిది, 7 ప్రింటర్‌ది, 5 ఎక్కువగా సౌండ్ కార్డుది. 10 లేదా 11 మేలు. 8 బిట్ కార్డుకు మాత్రం ఆ గీతలే ఉండవు, 7 లోపే చూసుకోవాలి. పీసీఐ, ఐఎస్‌ఏ రెండూ ఉన్న బోర్డైతే బయోస్‌లో ప్లగ్ అండ్ ప్లే పేజీకి వెళ్లి ఆ ఐఆర్‌క్యూని లెగసీ ఐఎస్‌ఏకి కేటాయించండి. లేకపోతే బయోస్ దాన్ని ఏ పీసీఐ కార్డుకో ఇచ్చేస్తుంది.

ఐఆర్‌క్యూ తప్పితే కనిపించే రూపం జనాన్ని బాగా మోసం చేస్తుంది. ఇంటర్‌ఫేస్ లేస్తుంది. మ్యాక్ అడ్రస్ (కార్డు సొంత గుర్తింపు నంబరు) సరిగ్గా కనిపిస్తుంది. లింక్ లైటు వెలుగుతుంది. పింగ్ (అవతలి మెషీన్‌ని పలకరించి చూసే పరీక్ష) మాత్రం రాదు, కాసేపటికి లాగ్‌లో ట్రాన్స్‌మిట్ టైమ్డ్ అవుట్ అని వరుసలు పడతాయి. అప్పుడు ఒక టెర్మినల్‌లో పింగ్ నడుస్తుండగా, ఇంకో దాంట్లో ప్రాక్ కింద ఉండే ఇంటరప్ట్స్ ఫైలు రెండు మూడు సార్లు చదవండి. మీ కార్డు పేరున్న వరుసలో అంకె కదలకుండా సున్నా దగ్గరే ఉంటే కార్డు బతికే ఉంది. అది ఒక గీత మీద పిలుస్తోంది, డ్రైవర్ ఇంకో గీత మీద చెవి పెట్టింది.

ఇంకో సందర్భం: అడ్రస్ సరైనదే, అయినా కార్డు దొరకలేదని లాగ్ చెబుతుంది. అసలైన ఎన్‌ఈ2000 కార్డు ప్రామ్ అనే మెమరీలో మ్యాక్ అడ్రస్ తర్వాత 14, 15 బైట్లలో హెక్సా 57 రెండుసార్లు ఉంటుంది. డ్రైవర్ గుర్తుపట్టేది దాన్ని చూసే. కొన్ని నకలు కార్డుల్లో ఆ గుర్తు ఉండదు. ఎన్‌ఈ మాడ్యూల్‌కు 'బ్యాడ్' అనే పారామీటర్ ఉంది. దానికి హెక్సా బీఏడీ అనే విలువ ఇస్తే గుర్తు లేకపోయినా ఒప్పుకుంటుంది. పేరు చూసి భయపడనక్కర్లేదు, సరిగ్గా ఇలాంటి కార్డుల కోసమే దాన్ని పెట్టారు.

"స్పీడు రాకపోతే 100 ఫుల్ డూప్లెక్స్‌కి ఫిక్స్ చేయండి."

ఈ సలహాలో అన్నిటికంటే హాని చేసేది ఇదే. ఫుల్ డూప్లెక్స్ అంటే ఒకేసారి పంపడం, అందుకోవడం; హాఫ్ అంటే వంతులవారీగా. రెండు కొసలూ వేగం, డూప్లెక్స్ తమలో తాము కుదుర్చుకునే ఆటో నెగోషియేషన్ 1995లో 802.3యూ ప్రమాణంతో ఫాస్ట్ ఈథర్నెట్‌లోకి వచ్చింది. తొలినాళ్లలో కొన్ని కార్డులకూ స్విచ్‌లకూ పొసగేది కాదు కాబట్టి చేత్తో ఫిక్స్ చేయడం అప్పట్లో అలవాటైంది. ఆ అలవాటే ఇంకా సలహాగా తిరుగుతోంది.

ఒక్క కొసన ఫిక్స్ చేస్తే జరిగేది చూడండి. మీ కార్డు నెగోషియేషన్ మానేస్తుంది, తన సామర్థ్యాలు చెప్పే పల్స్‌లు పంపదు. అవతల స్విచ్ ఆటోలోనే ఉంటుంది. వచ్చే సిగ్నల్ తీరు చూసి వేగం 100 అని కనిపెట్టగలదు. డూప్లెక్స్ కనిపెట్టే దారి దానికి లేదు. ప్రమాణం ప్రకారం అలాంటప్పుడు అది హాఫ్‌కే దిగాలి. దాంతో మీవైపు ఫుల్, అటువైపు హాఫ్. మీ కార్డు ఎప్పుడు పడితే అప్పుడు పంపుతుంది. స్విచ్ తను పంపుతుండగా మీది వస్తే గుద్దుకుందనుకుని మధ్యలో ఆపేస్తుంది. ఫ్రేమ్‌లో (ఒకసారి పంపే డేటా ముక్కలో) మొదటి 64 బైట్లు దాటాక గుద్దుకుంటే అది లేట్ కొలిజన్. సాధారణంగా హార్డ్‌వేర్ ఆ ఫ్రేమ్‌ని మళ్లీ పంపదు, టీసీపీ (డేటా అందిందో లేదో చూసుకునే పై స్థాయి ఏర్పాటు) తేరుకుని పంపేదాకా ఆగాలి. మీవైపు తెగిపోయిన ఫ్రేమ్‌లు సీఆర్‌సీ (డేటా చెడిందో లేదో చెప్పే అంకె) ఎర్రర్లుగా లెక్కకొస్తాయి.

పింగ్ మాత్రం చక్కగా నడుస్తుంది. ఒక చిన్న ప్యాకెట్ వెళ్లి ఒకటి తిరిగొస్తుంది, గుద్దుకునే సందే ఉండదు. పెద్ద ఫైలు కాపీ పెట్టగానే వేగం కూలిపోతుంది. ఫైలుని రెండు దిక్కులా కాపీ చేసి చూడండి. ఆ తర్వాత ఐపీ కమాండ్‌తో లింక్ గణాంకాలు వివరంగా తీయండి. ఫుల్ వైపు సీఆర్‌సీ, హాఫ్ వైపు కొలిజన్లు పెరుగుతుంటే ఇక అనుమానం అక్కర్లేదు.

చేయాల్సింది: రెండు వైపులా ఆటో వదిలేయండి. సెట్టింగులు మార్చే వీలులేని స్విచ్ అయితే ఇదొక్కటే దారి. పాత గైడ్ల నుంచి కాపీ చేసిన వరుస ఏదైనా, ఉదాహరణకు 8139టూ మాడ్యూల్‌కు ఫుల్ డూప్లెక్స్=1 అన్నది, ఈటీసీ కింద మోడ్‌ప్రోబ్ డాట్ డీ ఫోల్డర్‌లో మిగిలి ఉంటే తీసేయండి. కేబుల్ మంచిది కాక వేగం తగ్గించాల్సి వస్తే నెగోషియేషన్ ఆపకుండా, ఈథ్‌టూల్ కమాండ్‌లో అడ్వర్టైజ్ విలువ తగ్గించండి: హెక్సాలో 1 అంటే 10 హాఫ్, 2 అంటే 10 ఫుల్, 4 అంటే 100 హాఫ్, 8 అంటే 100 ఫుల్. కావలసినవి కూడి ఇవ్వాలి. ఫిక్స్ చేయక తప్పని చోటు ఒక్కటే: అవతలి స్విచ్ పోర్టుని ఎవరో ఇప్పటికే ఫిక్స్ చేసి ఉంచినప్పుడు. అప్పుడు రెండువైపులా ఒకే విలువ ఉండాలి.

నెగోషియేషనే తెలియని 10 మెగాబిట్ కార్డుకు స్విచ్ 10 హాఫ్ ఇస్తుంది. ఆ కార్డుకు అదే సరైనది, ఫుల్ చేయబోకండి. అసలు లింకే రాకపోతే స్విచ్ వివరాలు చూడండి. 2.5, 10 గిగాబిట్ పోర్టుల్లో చాలావాటికి 10 మెగాబిట్ చేతకాదు. మధ్యలో ఒక 10/100 స్విచ్ పెడితే తీరిపోతుంది.

"ఒకే నంబరు చిప్, ఒకే డ్రైవర్."

రియల్‌టెక్ 8139నే తీసుకోండి. పీసీఐ నంబర్లు ఒకటే, కానీ రివిజన్ హెక్సా 20, ఆపైన ఉంటే అది 8139సి ప్లస్. దానికి 8139సీపీ డ్రైవర్, అంతకు ముందువాటికి 8139టూ. తప్పు డ్రైవర్ ఎక్కితే రెండోది వాడమని లాగ్‌లోనే చెబుతుంది. కెర్నల్‌ని సొంతంగా బిల్డ్ చేసేవాళ్లు ఒకటే పెట్టి రెండోది వదిలేస్తే కార్డు "పోతుంది". డేవికామ్ 9102 చిప్‌ది దీనికి తిరగేసిన చిక్కు: పాత కెర్నళ్లలో ట్యూలిప్, డీఎంఎఫ్‌ఈ డ్రైవర్లు రెండూ దాన్ని నాదనేవి. అలాంటి కెర్నల్‌లో ఒకటి సరిగ్గా నడపకపోతే దాన్ని బ్లాక్‌లిస్ట్ చేసి (ఎక్కకుండా ఆపి) రెండోదాన్ని ఎక్కించి చూడండి. పీసీఐ కార్డుల జాబితా ఇచ్చే ఎల్‌ఎస్‌పీసీఐకి ఎన్‌ఎన్‌కే ఆప్షన్ ఇస్తే నంబర్లు, రివిజన్, వాడుకలో ఉన్న డ్రైవర్ ఒకేచోట కనిపిస్తాయి.

ఇంటెల్ ఈ100 కార్డుల్లో ఈఈప్రామ్ చెక్‌సమ్ (అందులోని డేటా చెడిందో లేదో చెప్పే అంకె) తప్పితే డ్రైవర్ ఎక్కనంటుంది. ఈఈప్రామ్ బ్యాడ్ చెక్‌సమ్ అలౌ అనే పారామీటర్‌కు 1 ఇస్తే ఎక్కుతుంది. అయితే ఆ కార్డు మ్యాక్ అడ్రస్ కూడా చెడి ఉండొచ్చు, దాన్ని సరిచూసుకోకుండా నెట్‌వర్క్‌లో పెట్టకండి.

"కొత్త కెర్నల్ వేయండి."

పాత కార్డుకు ఇది ఎక్కువగా ఎదురు తిరుగుతుంది. త్రీకామ్ 3సి501, 3సి503, 3సి505, 3సి507 డ్రైవర్లను లైనక్స్ 2013లోనే తీసేసింది. 64 బిట్ ఎక్స్86 కెర్నల్‌లో ఐఎస్‌ఏ ఆప్షనే ఉండదు కాబట్టి ఎన్‌ఈ మాడ్యూల్ బిల్డ్ కాదు. 32 బిట్ కెర్నల్ కావాలి. ఫ్రీబీఎస్‌డీ (మరో ఆపరేటింగ్ సిస్టమ్) వాడేవాళ్లు ఈడీ, ఈపీ డ్రైవర్లు 13.0లో పోయాయని గుర్తుంచుకోండి.

సరిపడే కెర్నల్ దొరికి కార్డు నడిచాక సెట్టింగులు నిలవాలంటే రెండు ఫైళ్లు కావాలి. ఐఓ, ఐఆర్‌క్యూ విలువలు మోడ్‌ప్రోబ్ డాట్ డీలో ఆప్షన్స్ వరుసగా రాయాలి. మాడ్యూల్ పేరు మాడ్యూల్స్ లోడ్ డాట్ డీలో పెట్టాలి. జంపర్లతో అడ్రస్ పెట్టిన కార్డుని యూడెవ్ (డ్రైవర్లను దానంతటదే ఎక్కించే ఏర్పాటు) గుర్తుపట్టి ఎక్కించలేదు, అందుకే రెండోది తప్పనిసరి. ఒకే రకం కార్డులు రెండుంటే విలువల మధ్య కామా పెట్టి ఇవ్వాలి, ఐఓల వరుసా ఐఆర్‌క్యూల వరుసా ఒకటే కావాలి.

ఇక నిజంగా పోయిన కార్డు ఎలా ఉంటుంది? వేరే స్లాట్‌లో పెట్టి, బంగారు కాళ్లు తుడిచి, డాస్ ప్రోగ్రాంతో చూసినా కనిపించదు. లేదా సరైన అడ్రస్ దగ్గర చదివితే మ్యాక్ అడ్రస్ ఆరు బైట్లూ ఎఫ్‌ఎఫ్ అనే వస్తాయి. లేదా డయాగ్నస్టిక్స్‌లో అంతర్గత లూప్‌బ్యాక్ (కార్డు పంపింది దానికే తిరిగొస్తుందా అని చూసే) పరీక్షే తప్పుతుంది. లూప్‌బ్యాక్ నెగ్గి లింక్ మాత్రం రాకపోతే ఇంకా పారేయకండి. 3సి509 కాంబో కార్డులో ట్రాన్సీవర్ (కేబుల్‌తో మాట్లాడే భాగం) బీఎన్‌సీకో ఏయూఐకో (పాత రకం కేబుల్ సాకెట్లు) సెట్ అయి ఉండొచ్చు, డాస్ ప్రోగ్రాంలో 10బేస్‌టీకి (మామూలు నెట్‌వర్క్ కేబుల్ సాకెట్‌కి) మార్చి మళ్లీ కేబుల్ పెట్టి చూడండి.